చివరి ట్రామ్ వెళ్ళాక

పన్నెండున్నరకు చివరి ట్రామ్ కొండ దిగిపోతుంది.
అప్పటిదాకా ఈ నేలమాళిగలో నాకు పని లేదు.
పట్టాల్లో పారే కరెంటు
రెండు వీధుల అవతలి నుంచే
తెర మీది నా గీతను పట్టుకుని ఊపేస్తుంది,
అప్పుడే జోకొట్టిన పిల్లను ముద్దాడి లేపే చుట్టంలా.

షెఫీల్డ్‌లో ఇక మిగిలింది వాన.
వానలో ఇనుము లేదు. దానితో పేచీ లేదు.

గోరంత క్వార్ట్జ్ పలక.
ఈ చివర రెండు దువ్వెనలు, పళ్ళలో పళ్ళు పెట్టుకుని.
ఆ చివర మరో జత.
ఒక జత అలను పుట్టిస్తుంది, ఒక జత అందుకుంటుంది.
లోపలికి దిగని అల,
రాయి చర్మం మీదే పరుగెత్తే జలదరింపు.
దాని దారిలో నేను పరిచిన పొర:
ఇనుము, కోబాల్టు, చిటికెడు సిలికాన్, బోరాన్.
ఒక వెంట్రుకను నాలుగొందల పొరలుగా ఒలిస్తే
అందులో ఒక పొరంత.

దానికున్న గుణం ఒక్కటే.
సూదంటురాయి గాలి సోకితే ఒళ్ళు విరుచుకుంటుంది.
మహా అయితే లక్షలో మూడు పాళ్ళు.
ఆ మాత్రానికే బిగువు మారుతుంది,
మీద నడిచే అల అడుగు తడబడుతుంది,
రవ్వంత ఆలస్యంగా ఇల్లు చేరుతుంది.
ఆ ఆలస్యమే నా జీతం.

పద్నాలుగో పొర కాలుస్తుంటే చిట్లింది.
పదిహేడోది చూడ్డానికి అద్దంలా ఉండేది,
చెవుడు. అరిస్తే తప్ప పలకదు.
ఇది ఇరవై మూడోది.
దిష్టి తగులుతుందని ఎవరికీ చెప్పలేదు.

ఒకటీ పది. గీత పడుకుంది.
ఒకటీ పద్నాలుగు. నడుములో చిన్న గూని.
తీగలు చూశాను. పంపు ఆపాను.
తల తిప్పితే
కవచం మూతి పక్కన టీ కప్పు పట్టుకుని
క్లిఫ్ ఓల్డ్‌రాయిడ్, రాత్రి కాపలా.

జేబులు ఖాళీ చేయించాను.
తాళంచెవులు, లైటరు, బెల్టు, కళ్ళజోడు.
ముక్కుకు ఉక్కు తొడిగిన బూట్లు కూడా.
మేజోళ్ళతో నిలబడ్డాడు పాపం,
సెక్యూరిటీవాడికే సెక్యూరిటీ.
గూని పోలేదు.

కుడి చెయ్యి చాపితే ఏమీ లేదు.
ఎడమ చెయ్యి చాపితే లేచింది.
"ఓ, అదా!" అన్నాడు
బొటనవేలి మొదట్లో బూడిదరంగు చుక్కను నిమురుతూ.
"డెబ్బై తొమ్మిది. అటర్‌క్లిఫ్‌లో రోలింగ్ మిల్లు.
తీయిస్తానంటే, షిఫ్టు అయ్యాక చూద్దామన్నాడు ఫోర్‌మన్.
షిఫ్టు అయింది.
తర్వాత మిల్లే అయిపోయింది."
ఇప్పుడక్కడ పరుపులు అమ్ముతారట.

క్రేనుకు వేలాడే పెద్ద అయస్కాంతం కింద
నాలుగేళ్ళు తిరిగిన చెయ్యి అది.
అప్పుడు నేర్చిన దిక్కును
ఆ నలుసు ఇంకా మర్చిపోలేదు.
వేలు అటు తిప్పమంటే గీత పైకి,
ఇటు తిప్పమంటే కిందికి.
చిన్నపిల్లాడిలా పదిసార్లు తిప్పాడు.
నేనూ వద్దనలేదు.

మీ భాషలో దీన్నేమంటారన్నాడు.
సూది, అంటు, రాయి, అని విడగొట్టి చెప్పాను.
నోట్లో కాసేపు నలిపి,
"రాయ్ అని మా మిల్లులోనూ ఒకడుండేవాడు,
వాడికి సూదులు కావు, అప్పులు అంటుకునేవి" అన్నాడు.

గ్రాంటు అర్జీలో పెద్ద మాటలే రాశాను,
ఒంటిని తాకకుండా గుండెను వింటుందని.
అంత చెవి ఇంకా రాలేదు దీనికి.
గుండె ఈ నలుసుకన్నా వంద రెట్లు మెల్లగా మాట్లాడుతుంది.

లాగ్ బుక్కులో 'అవాంతరం' గడి కింద
ఎడమ బొటనవేలు, ఉక్కు, 1979, అని రాసి
కొట్టేసి
పక్క గడిలో మళ్ళీ రాశాను.
క్లిఫ్ వంగి బూటు తాడు కట్టుకుంటున్నాడు,
చల్లారిన టీ నా బల్ల మీదే మర్చిపోయి.
గీత మెల్లగా పడుకుంటోంది.
మొదటి ట్రామ్‌కు ఇంకా నాలుగు గంటలుంది.